మా దీపమునకు నూనె పోసిన ఊరు

కోలారు బంగారు గనులకు విద్యుచ్ఛక్తి వచ్చి నూరేండ్లు నిండిన సందర్భమున, 2002వ సంవత్సరమున, మన సంఘపు సంచికకు నేనొక చిన్న వ్యాసము వ్రాసియుంటిని. కొందరు చదివి మెచ్చుకొనిరి. గనులు మూతపడి అప్పటికి ఏడాది దాటినది. ఉద్యోగములు పోయి, ఇంటింట దిగులు నిండియున్న ఆ దినములలో మన ఊరి పాత వైభవమును గూర్చి నాలుగు మంచి మాటలు వినుట అందరికిని ఊరటగా నుండెను. శివనసముద్రపు జలపాతము, ఏనుగులు లాగిన యంత్రములు, 92 మైళ్ల తంతి, అన్నియు వ్రాసితిని. వ్రాయవలసిన ఊరి పేరొకటి మాత్రము వ్రాయలేదు. తెలియక కాదు. తెలిసియే విడిచితిని. ఆ బాకీ తీర్చుటకే ఇప్పుడు మరల కలము పట్టితిని.

మా ముత్తాత పలమనేరు ప్రక్క పల్లెనుండి పొట్ట చేతబట్టుకొని, భార్యాబిడ్డలతో చాంపియన్ రీఫ్ చేరినాడు. మా తాత అప్పటికి చిన్నవాడు. ఆ కాలమున గనులలోని యంత్రములు ఆవిరితో నడచెడివి. ఆవిరికి కట్టెలు కావలెను. చుట్టుప్రక్కల గుట్టలమీది చెట్లు కొట్టి బండ్లపై తెచ్చి బాయిలర్లకు వేసెడివారట. మా తాత ఆ కట్టెలు అందించు పనిలోనే తొలి కూలి సంపాదించినాడు. “కొండలకు గుండు కొట్టించిన కాలం నాయనా అది” అని ఆయన ముసలితనమున నాతో అనెడివాడు. నేడు మన జిల్లా గుట్టలను చూచి, ఇవి పుట్టుకతోనే బోడివని మన పిల్లలు తలంతురు. అంతయు నిజము కాదు.

తంతి వచ్చిన దినమును గూర్చి మా యింట ఒక కథ కలదు. నది నీరు తంతిలో పడి వచ్చి యంత్రములను త్రిప్పునని ఎవరో మా ముత్తవ్వకు చెప్పిరట. ఆమెకు కావేరి యనిన పుణ్యతీర్థమే గాని వేరు కాదు. పనికి పోవుచు దారిలోని స్తంభముకడ నిలిచి, చేతులు జోడించి, “కావేరమ్మ మన ఊరికొచ్చిందిరా” అని బిడ్డచేత గూడ మ్రొక్కించినదట. ఆ కావేరమ్మ గనికి వచ్చినది గాని గుడిసెకు రాలేదు. మా ముత్తవ్వ కిరసనాయిలు బుడ్డి వెలుతురుననే వండి, తిని, కన్ను మూసినది. మా యింట మొదటి బల్బు వెలిగినది నేను పుట్టిన పిమ్మటనే.

ఈ విద్యుత్తు కథను మన పెద్దలందరును ఎరుగుదురు. అయినను చిన్నవారికై కొంచెము చెప్పెదను. శివనసముద్రము వద్ద కావేరి రెండు పాయలుగా చీలి, గగనచుక్కి, భరచుక్కి అను పేర్లతో దుముకును. ఆ దూకుడునుండి శక్తిని తీసి గనులకు అమ్మవచ్చునని మైసూరు ప్రభుత్వమున నున్న డి లాట్‌బినియర్ అను సైనిక ఇంజనీరు యోచించెను. దివాను శేషాద్రి అయ్యర్ గారు దానిని పట్టుదలతో సాగించిరి. అమెరికానుండి విద్యుద్యంత్రములు, స్విట్జర్లాండునుండి నీటిచక్రములు వచ్చినవి. రైలు దిగిన తరువాత ఎడ్లబండ్లును ఏనుగులును వానిని అడవిదారులవెంట లాగినవి. 1902 జూన్ 30వ తేదీన శక్తి మన గనులకు ప్రవహించెను. అంతటి పనికి పూనుకొనిన శేషాద్రి అయ్యర్ గారు మాత్రము దానిని చూడలేదు; 1901 సెప్టెంబరులోనే కాలధర్మము నొందిరి. ఆసియాలో ఇదియే మొదటి జలవిద్యుత్కేంద్రమని మనవారు సభలలో చెప్పుట కలదు. అది సరికాదు. డార్జిలింగున 1897లోనే చిన్నదొకటి నడచినది. అయినను అంత దూరము తంతిపై శక్తిని పంపుట ఆనాడు ప్రపంచమంతట అరుదైన సంగతియే. బెంగళూరు వీధులకు సైతము 1905లో గాని దీపములు రాలేదు. రాజధానికంటె ముందు మన చీకటి గనులకు వెలుగు వచ్చినదని నా వ్యాసములో గొప్పగా వ్రాసితిని.

నేను పదవ తరగతి ముగించి, 1979లో గనుల కార్యాలయమున గుమాస్తాగా చేరితిని. విద్యుత్తు ఖర్చు వ్రాయు లెడ్జరు నా బల్లపై నుండెడిది. మనుషులను లోపలికి దింపి పైకి తెచ్చు వైండింగు ఇంజనులకు ఇన్ని యూనిట్లు, నీరు తోడు పంపులకు ఇన్ని, గాలి నొక్కు కంప్రెసర్లకు ఇన్ని అని గడులు గీసియుండును. చాంపియన్ రీఫ్ గని పదివేల అడుగులకు మించిన లోతు. అంత లోతున రాయి చేయి పెట్టలేనంత వేడి. పంపు ఆగిన నీరు నిండును. గాలి ఆగిన మనిషి నిలువడు. కనుక ఆ గడులలో ఏ అంకెయు మాకు వట్టి అంకె కాదు. తంతి తెగిన లోపల నున్నవాడు మా నాయనయో, ఇరుగుపొరుగు నాయనయో అగును. ఇంత శ్రద్ధగా లెక్క వ్రాసిన నేను ఆ శక్తి పుట్టినచోట ఎవరేమి చెల్లించిరో ఆలోచింపలేదు. దానికి లెడ్జరులో గడి లేదు.

నా యెదుటి బల్లవద్ద మండ్య ప్రాంతపు కన్నడిగుడొకడు కూర్చుండెడివాడు. మితభాషి. ఒక ఏడు వానలు తప్పి, కృష్ణరాజసాగరమున నీరు తగ్గినదనియు, రాష్ట్రమంతట విద్యుత్తు కోత పెట్టిరనియు పత్రికలో చదివి నేను విసుగుకొనుచుంటిని. నిజమునకు అప్పటికి మా విద్యుత్తు శివనసముద్రపుది మాత్రమే కాదు. జోగు 1948 నుండియు, శరావతి 1960ల నుండియు రాష్ట్రపు తంతులలో కలసియున్నవి. అయినను అలవాటుకొద్ది నేను కావేరినే తలచితిని. అప్పుడాతడు తల యెత్తకయే, “నీళ్లు ఇంకా తగ్గితే మా ఊరు కనపడుతుంది స్వామీ” అనెను. ఏ ఊరని అడిగితిని. “కన్నంబాడి” అనెను.

కృష్ణరాజసాగరము పేరెరుగనివారు మనలో లేరు. బృందావనపు రంగు ఫౌంటెనులు చూచుటకు పెండ్లియైన క్రొత్తలో దంపతులు పోవుట మన కుటుంబములలో ఆచారమువంటిది. ఆ ఆనకట్ట ఎందుకు కట్టిరో మాత్రము మనము తలంపము. సేద్యమునకని చెప్పుదుము, అదియు నిజమే. కాని మొదటి అక్కర మనది. వేసవిలో కావేరి సన్నగిల్లును. శివనసముద్రపు చక్రములకు చాలినంత నీరుండదు. గనులా ఏడాది పొడుగున, రాత్రింబవళ్లు, తరగని శక్తి నడిగెను. గనులు పెరిగినకొలది అడుగుట పెరిగెను. వానకాలపు నీటిని పైన నిలువజేసి వేసవిలో విడిచిన గాని ఆ మాట నిలువదు. విశ్వేశ్వరయ్యగారు 1909లో ప్రధాన ఇంజనీరై ఆనకట్టను ప్రతిపాదించినపుడు, గనులకు అమ్ము విద్యుత్తుపై వచ్చు రాబడి ఆయన వాదమునకు పెద్ద బలము. 1911లో పని మొదలైనది. క్రింది తంజావూరు పొలములకు నీరు తగ్గునని మద్రాసు ప్రభుత్వము అడ్డుచెప్పెను. 1914లో మధ్యవర్తి తీర్పు, దానిపై అప్పీలు, కడకు 1924లో ఏబదేండ్ల ఒడంబడిక. పునాదులు త్రవ్వు కూలీలను చలిజ్వరము పీడించినది. 1930ల ఆరంభమునకు కట్ట పూర్తియైనది. నీరు నిలిచినచోట కన్నంబాడియు మరియు అనేక గ్రామములును మునిగినవి. ఈనాటికిని ఆ ప్రాంతపు పల్లెవారు ఆ ఆనకట్టను రాజుగారి పేరుతో గాక కన్నంబాడి కట్టె యనియే పిలుతురు.

ఈ సంగతులను మా కన్నడ మిత్రుడు కొంచెము కొంచెముగా నాకు చెప్పినాడు. కొన్ని పుస్తకములు చూచి నేను తెలిసికొంటిని. అయినను 2002లో వ్యాసము వ్రాయునపుడు, ఇప్పుడెందుకు ఆ గోల, గనులు పోయి ఏడ్చుచున్నవారికి మనవల్ల మునిగిన ఊరి కథ ఎందుకని విడిచితిని. అచ్చయిన సంచిక నొకటి మిత్రునికి పంపితిని. అతడప్పటికి స్వగ్రామము చేరియుండెను. ఒక కార్డు వచ్చినది. “వ్యాసము బాగున్నది. మా ఊరి పేరు అచ్చు కాలేదు.” అంతే.

మరుసటి వేసవిలో మరియొక కార్డు వచ్చినది. నీరు తగ్గి గుడి కనబడుచున్నదనియు, రమ్మనియు. అప్పుడు నేను బెంగళూరులో ఒక దుకాణమున లెక్కలు వ్రాయుచు, వేకువనే మారికుప్పము రైలెక్కి రాత్రి ఇల్లు చేరుచుంటిని. ఆదివారము, దానికి జతగా ఒకరోజు సెలవు చూచుకొని బయలుదేరితిని.

ఎండిన చెరువు గర్భమువలె నేల నెఱ్ఱెలు విచ్చియున్నది. దాని నడుమ వేణుగోపాలస్వామి ఆలయము. రాతి కంబములు, మంటపములు, పైకప్పులపై ఎండిన బురద. గర్భగుడిలో దేవుడు లేడు. ఊరు కదలినప్పుడే మూర్తిని గట్టుమీది క్రొత్త కన్నంబాడికి తెచ్చుకొనిరట. (ఆ ఆలయమును రాయి రాయి విప్పి, క్రొత్త కన్నంబాడివద్ద ఇటీవలి సంవత్సరములలో మరల కట్టినారు. నేడు యాత్రికులు వచ్చుచున్నారు.) గుడి చుట్టును ఇండ్ల గోడల మొదళ్లు నేలమట్టముగా కనబడుచుండెను. మిత్రుడు వానిమధ్య నడచుచు, ఇది ఫలానివారి ఇల్లు, ఇది కళ్లము అని చూపినాడు. తాను పుట్టుటకు ఎన్నో యేండ్ల ముందే మునిగిన ఊరు. వీధులు అతనికి ఎట్లు తెలియునని అడిగితిని. “అత్త చెప్పింది” అనెను.

ఆ అత్తకు తొంబది యేండ్లు కావచ్చుచుండెను. చూపు తగ్గినది, చెవులు మంచివి. గుమ్మము ప్రక్క గోడకానుకొని కూర్చుండి, నన్ను కన్నడమున అడిగినది.

“ఏ ఊరప్పా నీది?”

“కోలారు బంగారు గనులు, అజ్జీ.”

“ఓ, దీపాల ఊరా! మా నాయన చెప్పేవాడు. బంగారు ఊళ్లో దీపాలు ఆరిపోకుండా ఉండేదానికి నీళ్లు కడుతున్నారని.”

ఆమె కంఠమున నిష్ఠురము లేదు. దూరపు బంధువును గుర్తించినట్లు అనెను. ఊరు విడిచినపుడు ఆమె చిన్నపిల్ల. ఆమెకు పొలము, పరిహారము, ఆ లెక్కలు గుర్తులేవు. ఎద్దులు గుర్తున్నవి. “ఎద్దుల్ని కొత్త ఊరికి తోలుకొచ్చినాం. పొద్దు వాలితే చాలు, అవి పాత ఊరి దారి పట్టేవి. నీళ్ల అంచుకు పోయి నిలబడేవి. మా అన్న పోయి తోలుకొచ్చేవాడు. మరుసటి రోజు మళ్లీ పోయేవి. ఎన్నాళ్లో అట్లా” అని చెప్పినది. పాత ఊరి బావినీటి తీపి మరి యెక్కడను చూడలేదనెను. పిదప కొంతసేపటికి,

“అన్ని దీపాలు పెట్టుకుని ఏం చేసేవాళ్లప్పా?” అని అడిగినది.

భూమిలో రెండు మైళ్ల లోతున పని అనియు, గాలికిని నీటికిని శక్తి కావలెననియు చెప్పితిని.

“బంగారం బాగా వచ్చిందా?”

“వచ్చింది. ఎనిమిది వందల టన్నులు.”

“ఎవరు తీసుకున్నారు?”

“మొదట ఇంగ్లీషు దొరలు. తరువాత సర్కారు.”

“మీ వాళ్లకేమొచ్చింది?”

మా నాయన ముప్పదియేండ్లు లోపల పనిచేసి, రాతిధూళి ఊపిరితిత్తులలో నిండి, దగ్గుచు దగ్గుచు పోయినాడు. ఆ మాట చెప్పితిని. ఆమె “అయ్యో” అని, కోడలిని పిలిచి నాకు మజ్జిగ తెప్పించినది.

రైలులో తిరిగివచ్చుచు నేననుకొనినది ఒక్కటే. ఆమె ఇల్లు మునుగుటకు కారణమైన వెలుగు మా నాయనకు రోగము తెచ్చిన గనిని నడిపినది. కావేరి గట్టునను గని గట్టునను చెల్లించినవారు వీరే; బంగారము మూడవచోటికి పోయినది. చెల్లించినవారికి ఒకరి ముఖము ఒకరికి తెలియదు. తెలియకుండుటకు 92 మైళ్ల తంతియే చాలినది.

ఆనకట్ట కట్టకుండవలసినదని నేననను. నా తాత చెప్పిన బోడికొండలు నాకు జ్ఞాపకమున్నవి. తంతి రానియెడల కోలారు జిల్లాలో కంపచెట్టు గూడ మిగిలియుండదు. కట్ట వలన మండ్య సీమ చెరకు తోటలతో పచ్చబడినది. 1933 నుండి అచ్చట చక్కెర మిల్లు నడచినది. విశ్వేశ్వరయ్యగారి పటము మా యింటను కలదు. కాని ఒకచోటి కట్టెల ఖర్చు మిగిలినదన్నపుడు, ఆ ఖర్చు మరియొకచోట ఎవరి పద్దులో పడినదో చూడకుండుట గుమాస్తాకు తగదు. ఆ పద్దులో మునిగిన ఊళ్లు మాత్రమే కాదు, నదియు కలదు. వేసవిలో శివనసముద్రమునకు పోయి చూచినవారికి తెలియును. నీరు చక్రములకు మళ్లినపుడు జలపాతము వట్టి నల్లరాయి. కావేరికే సొంతమైన గూనివీపు మహసీరు చేప అంతరించుటకు దగ్గరపడినదని 2018లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము వారు తమ పట్టికలో చేర్చిరి. నదులకు కట్టలు కట్టుట అందుకు కారణములలో నొకటి. ఇక 1924 నాటి ఒడంబడిక గడువు 1974లో తీరిన పిమ్మట రెండు రాష్ట్రముల నడుమ రగిలిన తగవు సంగతి చెప్పనక్కరలేదు. 1991 డిసెంబరులో బెంగళూరున తమిళుల ఇండ్లు తగులబడినపుడు, మన ఊరి తమిళ సోదరులు బెంగళూరులోని తమవారికొరకు నిద్రలేక కూర్చుండిరి. ఇరుప్రక్కల స్నేహితులున్న మనము ఎవరితో ఏమి మాటాడవలెనో తెలియక తలుపులు వేసికొంటిమి. ఆ తగవునకు మొదటి కారణములలో మన గనుల దీపము నొకటిగా ఎవరును లెక్కింపలేదు.

ఇది కన్నడ సీమకే పరిమితమని మన తెలుగువారు తలంపరాదు. మాచ్‌ఖండ్ విద్యుత్తు 1955లో విశాఖకు వచ్చినపుడు, ఒరిస్సా సరిహద్దు కొండలలోని గిరిజనులు ఇండ్లు విడిచిరి. శ్రీశైలము జలాశయమున 1981లో సుమారు లక్షమంది నిరాశ్రయులైరి. మన సంఘమున కర్నూలు వియ్యము గల కుటుంబములున్నవి, వారినడుగుడు. కూడవెల్లి సంగమేశ్వరాలయమును విప్పి అలంపురమునకు తరలించిరి. కృష్ణలో కలియు మరియొక సంగమేశ్వరము ఏడాదిలో ఎక్కువ నెలలు నీటిక్రిందనే యుండి, వేసవిలో పైకి తేలి పూజలందుకొనును. మావైపు గుడి ఒకటి, మీవైపు గుడి ఒకటి. దేవళములను విప్పి మోసికొనిపోవచ్చును గాని సాయంకాలము ఎద్దులు పోవు దారిని మోసికొనిపోలేము.

ఈ కథకు మన ఊరిలోనే మరియొక కొస కలదు. మన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. బంగారము పోయినచోట సైనైడు దిబ్బలు మిగిలినవి. గాలి వీచు నెలలలో ఆ తెల్లని ధూళి మన కంచములలో పడును. బేతమంగళము చెరువు ఎండుట మనము చూచితిమి. జిల్లాలో వెయ్యి అడుగులు దాటి బోరు వేసినను నీరు పడని పల్లెలున్నవి; పడినచోట ఫ్లోరైడు. అప్పుడు కావేరి రెండవసారి మన జిల్లాకు వచ్చెను. ఎట్లు వచ్చినదో చెప్పెదను. శివనసముద్రమునకు ఎగువనుండి కావేరి నీటిని 1974 నుండి బెంగళూరునకు తోడుచున్నారు. దూరము సుమారు 100 కిలోమీటర్లు, ఎత్తు సుమారు 500 మీటర్లు. అంత ఎత్తునకు తోడుటకు మరల విద్యుత్తే. ఆ నీరు బెంగళూరు ఇండ్లలో వాడబడి మురుగైన పిమ్మట, రెండు దశలలో శుద్ధిచేసి, కోరమంగల-చల్లఘట్ట లోయ పథకము ద్వారా 2018 జూను నుండి కోలారు చెరువులకు వదలుచున్నారు. మొదట నిండినది లక్ష్మీసాగరము చెరువు. మన ముత్తవ్వలు చేతులు జోడించిన నదియే అది.

నేను పోయి చూచితిని. చెరువు నిండియున్నది, కొంగలున్నవి, బోర్లలో నీరు పైకి వచ్చినదని రైతులు సంతోషించుచున్నారు. ఇంకను బాగుగ శుద్ధిచేయనిదే వదలరాదని న్యాయస్థానములకు పోయినవారును కలరు. నేను రెండువైపుల మాటలు వింటిని. ఒక రైతు నాతో, “త్రాగేదానికి కాదు సామీ, పైరుకు” అనెను. అతని బావిలో నీరు పొంగినది. ఆ నీటిని తాను మాత్రము త్రాగడు.

మిత్రుడు ఇప్పటికిని ఫోనులో పలుకరించును. అత్త పోయి చాల యేండ్లైనది. మన సంఘము వారు ఈ సంచికకు వ్యాసమడిగిరని చెప్పినపుడు అతడు నవ్వి, “ఈసారైనా అచ్చు వేస్తారా స్వామీ?” అనెను. కావున సంపాదకులకు ఒక మనవి. ప్రూఫులు దిద్దునపుడు ఊరిపేరు కొట్టివేసి, ఎల్లరెరిగినదని కృష్ణరాజసాగరము అని మార్చవలదు. అది కట్ట పేరు. ఊరిపేరు కన్నంబాడి.